సింహం చూపులో ఉన్నది 'ర'నా, 'జ'నా?

కాలవగట్టు:
మూడు రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. షేక్స్‌పియర్ నాటకం జూలియస్ సీజర్ మొదటి అంకం, మూడో రంగం, ఉరుముల రాత్రి. కాస్కా హడలిపోయి తను చూసిన వింతలన్నీ సిసిరోకి చెప్తుంటాడు కదా, రోములోని కేపిటల్ దగ్గర సింహం ఎదురైంది అంటాడు, ఆ తర్వాత 'హూ గ్లేర్డ్ అపాన్ మీ, అండ్ వెంట్ సర్లీ బై'. డిగ్రీలో మా లెక్చరరు దీన్ని "నన్ను గుడ్లురిమి చూసి, మూతి ముడుచుకుని పక్కనుంచి పోయింది" అని చెప్పారు. ముప్పయ్యేళ్ళయినా ఆ గొంతు చెవిలోనే ఉంది. ఇప్పుడు మా అమ్మాయి వాళ్ళ కాలేజీలో ఈ రంగం తెలుగులో వేస్తారట, రాసిపెట్టమంది. సరే మూలం చూద్దామని 1623 ఫోలియో, అంటే షేక్స్‌పియర్ నాటకాల తొలి పెద్ద సంపుటం, దాని ఫొటో ప్రతి తెరిస్తే అక్కడ గ్లేర్డ్ లేదు. 'గ్లేజ్డ్' ఉంది. ఆర్ ఉండాల్సిన చోట జెడ్. పేజీ పెద్దది చేసి మరీ చూశాను, సిరా మరక కాదు, నిక్షేపంలాంటి జెడ్.

ముందు సింహం ఏం చేసిందో తేల్చండి. ఆ తర్వాత నాకు అసలు కావలసింది ఇంకోటి ఉంది. గ్లేర్ అంటే కళ్ళలో పొడిచే వెలుగూ అదే, కాల్చేసేలా చూసే చూపూ అదే. ఈ రెండూ మోసే ఒక్క తెలుగు మాట ఉందా? 'మిరుమిట్లు' వెలుగు దగ్గరే ఆగిపోతుంది, 'గుడ్లురమడం'లో వెలుగు లేదు.

అటకమీది పుస్తకం:
ఆ జెడ్ గొడవ మూడొందల ఏళ్ళ నాటిదండీ. ఫోలియోలో ఉన్నది గ్లేజ్డే. మీ లెక్చరరు చదివిన గ్లేర్డ్ తర్వాతి సంపాదకులు దిద్దినది, పద్దెనిమిదో శతాబ్దంలో అదే స్థిరపడింది. కాదు, అది 'గేజ్డ్' అయి ఉంటుంది, మధ్యలో ఎల్ అక్షరం పొరపాటున పడింది అన్నవాళ్ళూ ఉన్నారు. ఫోలియోకి ముందు ఈ నాటకం క్వార్టోగా, అంటే విడి చిన్న పుస్తకంగా, రాలేదు, ఫోలియో ఒక్కటే ఆధారం. పక్కన పెట్టి పోల్చుకోడానికి ఇంకో ప్రతి లేదు కాబట్టే తగవు తెగలేదు. నా మటుకు నేను అచ్చు కూర్చినవాడి చెయ్యి జారిందనే అనుకుంటాను.

శకటరేఫ:
చెయ్యి జారిందనడం తేలిక. నేను ఒప్పుకోను. గ్లాసు, గ్లేర్ ఒక కడుపున పుట్టిన మాటలు. పాత ఇంగ్లీషులో గాజుకి సకారంతో ఒక మాట, దాని పక్కనే రకారంతో 'గ్లార్' అని ఇంకో మాట ఉండేది, తృణమణికి. అదేనండీ, రుద్దితే గడ్డిపరకల్ని లాక్కునే పసుపుపచ్చ రాయి, అంబర్. బాల్టిక్ తీరంలో అది ఏరుకునే జనం దాన్ని 'గ్లేసుం' అంటారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ తన 'జెర్మేనియా' పుస్తకంలో రాశాడు, ఒకటో శతాబ్దం చివర్లో. అక్కడ స, ఇక్కడ ర. జర్మానిక్ భాషల్లో ఈ స-జ-ర మార్పు మామూలే. వాజ్, వర్ చూడండి. లూజ్ అనే క్రియకి ఫర్‌లోర్న్ చుట్టం అవడం చూడండి. గాజులా, తృణమణిలా మెరవడమే గ్లేర్. అలాంటప్పుడు సింహం గ్లేజ్ చేసిందన్నా గ్లేర్ చేసిందన్నా ఒకటే ధాతువుకి రెండు నోళ్ళు. షేక్స్‌పియర్ చెవికి ఆ చుట్టరికం వినపడలేదని ఎలా చెప్పగలం?

అటకమీది పుస్తకం:
శకటరేఫ గారూ, చుట్టరికం ఒప్పుకుంటాను గానీ మీరు జ దగ్గర కాలు జారారు. గ్రాస్ నుంచి గ్రేజ్, బ్రాస్ నుంచి బ్రేజ్, గ్లాస్ నుంచి గ్లేజ్. ఇది ఒక వరస. నామాన్ని క్రియ చేసేటప్పుడు అచ్చుల మధ్య స మెత్తబడి జ అయింది, అది మధ్యయుగపు ఇంగ్లీషులో జరిగిన పని. మీరు చెప్పే స-జ-ర మార్పులోని జ, వెర్నర్ సూత్రం అంటారే దాన్ని, ఆ జ అంతకు వందల ఏళ్ళ ముందే ర అయిపోయి కూర్చుంది. గ్లేజ్‌లోని జకీ గ్లేర్‌లోని రకీ మధ్య సకారం అనే ముత్తాత ఉన్నాడు, అంతవరకే. వాళ్ళిద్దరూ కవలలు కారు.

శకటరేఫ:
గ్రేజ్, బ్రేజ్ సంగతి ఒప్పుకున్నాను, మంచి పట్టు పట్టారు. అయినా పడమటి ఇంగ్లండు పల్లెల్లో గ్లేజ్ అంటే తేరిపార చూడడం అనే వాడుక ఉందని పాత వ్యాఖ్యాతలు రాశారు కదా. అలాంటి వాడుక ఉండగా అచ్చుతప్పు అనాల్సిన అవసరం ఏముంది?

రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు:
మీరిద్దరూ అక్షరం మీద ఉన్నారు, నేను ముప్పయ్యారేళ్ళు అర్థం మీద పాఠం చెప్పుకున్నవాణ్ణి, అందుకని ఒక మాట. షేక్స్‌పియర్ గ్లేర్ అన్న చోట్లన్నీ వరసగా పెట్టి చూడండి. మాక్బెత్ విందులో, అతను చంపించిన బాంకో దయ్యమై వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. మాక్బెత్ దానితో ఏమంటాడు? నీ ఎముకల్లో మూలుగ లేదు, నీ నెత్తురు చల్లారిపోయింది, నువ్వు గ్లేర్ చేసే ఆ కళ్ళలో చూపు లేదు అంటాడు. 'స్పెక్యులేషన్' అంటే అక్కడ చూసే శక్తి. హామ్లెట్ తల్లి గదిలో తండ్రి ప్రేతాన్ని చూపించి "ఎంత పాలిపోయి గ్లేర్ చేస్తున్నాడో చూడు" అంటాడు. కింగ్ లియర్ నాటకంలో ఎడ్గర్ పిచ్చివాడిలా నటిస్తూ "అదిగో వాడు నిలబడి గ్లేర్ చేస్తున్నాడు" అన్నది పిశాచాన్ని గురించే. మూడు చోట్లా కోపం ప్రధానం కాదు. రెప్ప పడని చూపు, ఎదుటివాణ్ణి చూస్తోందో లేదో తెలియని చూపు. చచ్చిపోయినవాడి కళ్ళు తెరుచుకుని ఉంటే చూసినవాళ్ళకి తెలుస్తుంది, వాటి మీద దీపం వెలుగు పడి మెరుస్తుంది, లోపల ఎవరూ ఉండరు. మా నాన్నగారు పోయిన రాత్రి డాక్టరు వచ్చి రెప్పలు మూసేదాకా ఆ అరగంట నేను చూసింది అదే. ఆ తర్వాత ఎప్పుడు ఆ రంగం చెప్పినా నాకు గొంతు పట్టేసేది.

అందుకని బాబూ కాలవగట్టూ, గుడ్లురిమి అన్నది మీ లెక్చరరు సింహం కదా అని వేసిన మాట. సింహం కాస్కాని ఏమీ అనలేదు, 'వితౌట్ అనోయింగ్ మీ' అని వెంటనే ఉంది. కోపంగా చూసిన సింహమైతే మీద పడదూ? చూసీ చూడనట్టు చూసి పోయింది. అదే అక్కడి భయం.

కాలవగట్టు:
మాస్టారూ, నమస్కారం. అరగంట గురించి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మరి తెలుగు మాట? 'గుడ్లప్పగించి' అంటే వెర్రిబాగుల చూపు అవుతుంది, 'గుడ్లు తేలేసి' అంటే సింహమే చచ్చిపోయినట్టుంటుంది.

నల్లరేగడి:
'గుడ్లు మిటకరించి' ఎందుకు కాకూడదు? మా అమ్మమ్మ, రాత్రి చూరుమీది గుడ్లగూబ గురించి ఎప్పుడూ ఇదే మాట వాడేది, "మిటకరించుకుని చూస్తందిరా" అని. కోపం లేదు, రెప్ప లేదు, చీకట్లో మెరుపు ఉంది.

ఇంకో సంగతి. గ్లేర్ అంటే సింహమూ దయ్యమే గుర్తొస్తున్నాయి అందరికీ. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్‌ని మర్చిపోయారు. కాంటర్బరీ కథల ముందుమాటలో పార్డనర్‌ని, అంటే చర్చి పేరుతో పాపక్షమాపణ పత్రాలు అమ్మేవాణ్ణి, వర్ణిస్తూ వాడికి కుందేలు కళ్ళలాంటి గ్లేరింగ్ కళ్ళు ఉన్నాయంటాడు. కుందేలు! గుడ్లురిమే కుందేలు ఎక్కడైనా ఉందా? బయటికి పొడుచుకొచ్చి, తళతళమంటూ, మూతపడని కళ్ళు అని. కుందేలు కళ్ళు తెరుచుకునే నిద్రపోతుందని ఆ కాలం వాళ్ళ నమ్మకం. మాస్టారి దయ్యాల వరసకి ఇది రెండొందల ఏళ్ళ ముందే సాక్ష్యం. అదే చాసర్ 'హౌస్ ఆఫ్ ఫేమ్'లో 'ఇట్ ఈజ్ నాట్ ఆల్ గోల్డ్ దట్ గ్లేరెత్' అన్నాడు. మెరిసేదంతా బంగారం కాదు అని మనం రోజూ అనే మాటే, అక్కడ మెరుపుకి గ్లేర్. అంటే ఆ రోజుల్లో గ్లేర్‌కి ఈ పొడిచే గుణం ఇంకా గట్టిపడలేదు, ఉత్త మెరుపు. చాసర్ ఇంత సరదాగా ఉంటాడని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, నలభై దాటాక చదివి రాత్రిళ్ళు మేలుకున్నాను. పార్డనర్ గాజుపాత్రలో పంది ఎముకలు పెట్టుకుని పవిత్ర అవశేషాలని చూపించి డబ్బు గుంజుతాడు చూడండి, ఆ గ్లేరింగ్ కళ్ళవాడే...

తాళపత్రం:
బంగారం అన్నారు కాబట్టి వస్తున్నాను. గ్లాస్, గ్లేర్, గోల్డ్, ఎల్లో, వీటన్నిటినీ చాలా నిఘంటువులు ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు దగ్గరికి చేరుస్తాయి, మెరవడం అనే అర్థంలో. సంస్కృతంలో దాని పిల్లలు ఎవరు? హరి, హిరణ్యం. హరి అంటే పసుపు-పచ్చని రంగు, హరి అంటే సింహం, హరి అంటే విష్ణువు. ఇప్పుడు భాగవతం సప్తమ స్కంధం తియ్యండి. స్తంభంలోంచి వచ్చిన నరసింహుడి కళ్ళకి వ్యాసుడు వేసిన విశేషణం 'ప్రతప్త చామీకర చండ లోచనం'. కాగిన బంగారంలా చండమైన కళ్ళు. ఎదురుగా ఉన్నది హిరణ్యకశిపుడు. సింహం, బంగారం, కంటి మంట, మూడూ ఒక్క చోట. గ్లేర్ అనే మాటకి నాకు ఇంతకన్నా గొప్ప వ్యాఖ్యానం కనపడలేదు. పోతన గారు అక్కడ పద్యం ఆపేసి పెద్ద వచనం ఎత్తుకున్నారు, ఊపిరి తీసుకోనివ్వని సమాసాలతో. ఆ వచనం మా తాతగారు ఒక్క గుక్కలో చదివేవారు, చివరికొచ్చేసరికి ఆయన కళ్ళు కూడా...

శకటరేఫ:
తాళపత్రం గారూ, హరి-హిరణ్యం-గోల్డ్ బంధం గట్టిదే, దానికి తిరుగులేదు. కానీ గ్లాస్‌ని అక్కడిదాకా లాక్కెళ్ళే మెట్టు కాస్త వదులు. గ్లో, గ్లీమ్, గ్లిట్టర్, గ్లింట్, గ్లిమ్మర్, గ్లిసెన్, గ్లాస్, గ్లాస్సీ... ఇవన్నీ ఒకే వేరునుంచి వచ్చాయా, లేక 'గ్ల' అనే శబ్దమే మెరుపుకి గుర్తుగా స్థిరపడి ఒకదాన్ని చూసి ఇంకోటి పుట్టిందా? భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1930లో ఇలాంటి శబ్దాల గుంపులకి పేరు పెట్టాడు, 'ఫోనెస్తీమ్' అని. మన లాహోరులో, పంజాబు విశ్వవిద్యాలయంలో, కొన్నేళ్ళు ఇంగ్లీషు ప్రొఫెసరుగా చేసినవాడే. ఇక గ్లవ్, గ్లూ అదే శబ్దంతో ఉన్నా మెరుపు లేదు. గ్లోరీ లాటిన్‌నుంచి వచ్చింది, అది వేరే ఇల్లు.

నల్లరేగడి:
అయితే మన 'మి'ని చూడండి! మిలమిల, మిసమిస, మిసిమి, మినుకుమినుకు, మిణుగురు, మిరుమిట్లు, మించు అంటే మెరుపు. ఇదే వరసలో మిటకరించడం, మిడిగుడ్లు. వెలుగూ కన్నూ రెండూ 'మి'లోనే ఉన్నాయి. కాలవగట్టు గారు అడిగిన రెండర్థాల మాట మనకి ఒక్క మాటగా లేదేమో, ఒక్క అక్షరంగా ఉంది.

అటకమీది పుస్తకం:
మిడిగుడ్లు తీసెయ్యండి. అక్కడ 'మిడి' ఎగదన్నుకు రావడం, మిడిసిపడడం, మిడత, అవి దాని చుట్టాలు. గుడ్డు బయటికి పొడుచుకొచ్చింది అనే తప్ప మెరిసింది అని కాదు. మిటకరించడం మాత్రం ఆలోచించాల్సిందే.

నల్లరేగడి:
కుందేలు కళ్ళు పొడుచుకొచ్చినవే కదండీ, చాసర్ దాన్ని గ్లేరింగ్ అన్నాడు కదా? పొడుచుకు రావడం, మెరవడం రెండూ అక్కడ ఒకే కంటిలో ఉన్నాయి. మిడిగుడ్లు నేను వదలను.

కంటి డాక్టరమ్మ:
మా వృత్తిలో గ్లేర్ రోజూ వినే మాట కాబట్టి రాస్తున్నాను. మేము దాన్ని రెండుగా విడదీస్తాం. ఒకటి ఇబ్బంది పెట్టే గ్లేర్, కన్ను చిట్లించుకుంటాం, తల తిప్పుకుంటాం, కానీ కనపడడం తగ్గదు. రెండోది కనపడకుండా చేసే గ్లేర్. కంటి లోపలే వెలుగు చెదిరి రెటీనా మీద పలచటి తెరలా పరుచుకుంటుంది, దాని వెనకాల ఉన్న వస్తువు మసకబారిపోతుంది. శుక్లాలు ఉన్నవాళ్ళకి ఈ రెండోది ఎక్కువ. పేషెంట్లు గ్లేర్ అనరు, "ఎదురు లైటు పడితే పేలిపోయినట్టుంటదమ్మా", "వెలుతురు గుచ్చుకుంటోంది" అంటారు. పేలడం, గుచ్చుకోవడం, రెండూ నాకు మిరుమిట్ల కన్నా నిజంగా అనిపిస్తాయి. మిరుమిట్లలో కొంచెం పండగ ఉంది.

నాకే జరిగింది ఒకటి. పోయిన వానాకాలం సూర్యాపేట దాటాక రాత్రి పదకొండింటికి, ఎదురు లారీ డిప్పర్ కొట్టలేదు. అద్దం మీద పురుగులు చచ్చిన మరకలు, వైపర్ గీసిన అర్ధచంద్రాలు. ఆ వెలుగు ఒక్కసారి వాటన్నిటికీ అంటుకుని అద్దం మొత్తం తెల్లటి గోడ అయిపోయింది. గోడ అంటే గోడే, రోడ్డు లేదు. బ్రేక్ మీద కాలు పెట్టి లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. లారీ దాటాక చూస్తే పాతిక అడుగుల ముందు సైకిల్ నడిపించుకుంటూ ఒక పెద్దాయన రోడ్డు దాటుతున్నాడు. అంతసేపూ ఆయన అక్కడే ఉన్నాడు. వెలుగు ఎక్కువై కనపడకపోవడం అంటే ఏమిటో పుస్తకంలో చదివిన నాకు ఆ రోజే తెలిసింది. మాస్టారు చెప్పిన చూపులేని కళ్ళు చదివితే అదే గుర్తొచ్చింది, మెరుస్తుంది, చూడదు, చూడనివ్వదు.

డల్లాస్ అమ్మ:
మా పిల్లలు స్కూల్లో పాడే జాతీయగీతంలో 'ది రాకెట్స్ రెడ్ గ్లేర్' అని వస్తుంది కదా, మా వాడు అర్థం అడిగితే ఎర్రటి వెలుగు అని చెప్పి ఊరుకున్నాను. తర్వాత చదివితే అవి 1814 సెప్టెంబరులో బాల్టిమోర్ దగ్గర ఫోర్ట్ మెక్‌హెన్రీ మీద ఇంగ్లీషువాళ్ళు వేసిన కాంగ్రీవ్ రాకెట్లట. కాంగ్రీవ్ అనే ఇంగ్లీషాయన వాటిని తయారుచేసింది 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లండు చేరిన మైసూరు రాకెట్లని చూసి. హైదరూ టిప్పూ ఇనపగొట్టంలో మందు కూరి వదిలినవి. అమెరికా జాతీయగీతంలోని ఆ గ్లేర్ మన పక్క ఊరి తారాజువ్వ వెలుగు అని చెప్తే మా వాడు నమ్మలేదు, రెండుసార్లు చూపించాల్సి వచ్చింది. ఇక్కడ గ్లేర్‌కి తెలుగేం చెప్పాలి? బాంబుల మధ్య, ఆ వెలుగులోనే జెండా ఇంకా ఉందని కనపడుతుంది. కనపడనివ్వని గ్లేర్ కాదిది, కనపడేలా చేసినది.

తాళపత్రం:
అమ్మా, అద్భుతం. ఆ 'బాణాలు', అంటే మైసూరు రాకెట్లే, 1780 పొల్లిలూరు యుద్ధంలోనే కుంఫిణీ దళాన్ని చెల్లాచెదురు చేశాయి. అక్కడికి 'జేగురు వెలుగు' అనండి. ఎర్రదనం, చీకటి పొగ రెండూ వస్తాయి.

అటకమీది పుస్తకం:
జేగురు మట్టి రంగండీ, దానిలో పేలుడు లేదు. మిల్టన్‌ని చూడండి. పారడైజ్ లాస్ట్ నాలుగో కాండలో సైతాను ఆదాము, అవ్వల చుట్టూ సింహం రూపంలో పొంచి తిరుగుతాడు, 'విత్ ఫైరీ గ్లేర్'. మళ్ళీ సింహమే! 1667 నాటికి గ్లేర్‌లో నిప్పు చేరిపోయింది. చాసర్ మెరుపు, షేక్స్‌పియర్ శూన్యం, మిల్టన్ నిప్పు. మన కళ్ళకి గ్లేర్డ్ సహజంగా కనపడేది మిల్టన్ తర్వాత పుట్టాం కాబట్టేనేమో. సైతానుని అంత అందంగా రాసి మళ్ళీ వాడే ఓడిపోవాలని రాయడానికి మిల్టన్‌కి ఎంత గుండె కావాలి, అదీ చూపు పూర్తిగా పోయాక, పక్కవాళ్ళకి చెప్పి రాయించుకుంటూ.

కాలవగట్టు:
అందరికీ దండాలు. నేను ఇవాళ్టికి 'చురచుర' దగ్గర ఆగాను. ఎండ చుర్రుమంటుంది, చెయ్యి చురుక్కుమంటుంది, మనిషి చురచుర చూస్తాడు. వేడీ చూపూ ఒకే మాటలో ఉన్నాయి, తెలుగుది, నోటికి ఆడుతుంది. గ్లేర్‌కి దీనికన్నా దగ్గరది నాకు దొరకలేదు.

రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు:
చురచుర వేడి, వెలుగు కాదు. పైగా కోపం తప్పదు అందులో. మీ సింహం మళ్ళీ మీ లెక్చరరు సింహమే అయిపోయింది.

కాలవగట్టు:
రాత్రి రిహార్సల్‌కి వెళ్ళి రెండూ అనిపించి చూశాను మాస్టారూ. "చురచుర చూసింది" అంటే ఆ కుర్రాడు కనుబొమలు ముడిచాడు. "గుడ్లు మిటకరించి చూసింది" అంటే తనే కళ్ళు పెద్దవి చేసుకుని, గొంతు తగ్గించి, ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరూ చెప్పకుండానే. ప్రస్తుతానికి మిటకరించింది ఉంచాను. ఆ తర్వాత "మూతి ముడుచుకుని పోయింది".

శకటరేఫ:
ఆగండాగండి. సర్లీ అంటే మూతి ముడుచుకోవడం ఎక్కడిది? అది మొదట 'సర్-లీ'. సర్ అనే బిరుదున్న దొరలాగా, టెక్కుగా అని. చిరాకు అర్థం తర్వాత చేరింది. నన్నడిగితే సింహం దొరటీవిగా పోయింది అనాలి.

అటకమీది పుస్తకం:
షేక్స్‌పియర్ ఈ నాటకం రాసేనాటికే చిరాకు అర్థం చేరలేదని మీకెలా తెలుసు?